పాత చేతి రంపాన్ని బాగుచేయడం, పదును పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త రంపం తక్కువ ధరకే దొరుకుతున్నప్పుడు పాతదాన్ని బాగుచేసుకోవడం ఎందుకు?

నేడు దుకాణాల్లో విరివిగా అమ్ముడయ్యే రంపాల పళ్ళ మొనలను ప్రత్యేకంగా వేడిచేసి గట్టిపరుస్తారు. ఆ మొనలు నీలంగానో నల్లగానో కనిపిస్తాయి. వాటి మీద ఆకురాయి పెడితే కోయదు, జారిపోతుంది. అందువల్ల మొద్దుబారిన రోజున ఆ రంపాన్ని పారేయడం తప్ప చేయగలిగింది లేదు. పాతకాలపు రంపం సంగతి వేరు. దాని బ్లేడు ఉక్కును స్ప్రింగులా వంగి తిరిగి నిటారు అయ్యేంత గట్టిగా, అదే సమయంలో ఆకురాయికి లొంగేంత మెత్తగా కాచేవారు. అంటే మొద్దుబారిన ప్రతిసారీ పదును పెట్టుకోవచ్చునన్న ఉద్దేశంతోనే ఆ పనిముట్టును తయారుచేశారు. దానికి తోడు, మేలిరకం పాత రంపాల బ్లేడు పళ్ళ వైపు కాస్త మందంగా, వీపు వైపు పలచగా ఉండేలా అరగదీసి ఉంటుంది. ఆ సన్నదనం వల్ల లోతైన కోతలో కూడా బ్లేడు బిగుసుకోదు.

కొనేముందు ఏమేమి పరిశీలించాలి?

అన్నిటికన్నా ముందు చూడవలసింది బ్లేడు తిన్నదనాన్నే, మెరుపును కాదు. పిడిని కంటి దగ్గర పట్టుకుని, పళ్ళ అంచు వెంబడి ముక్కు వరకు ఒంటికన్నుతో చూడండి. బ్లేడు మొత్తం విల్లులా ఒకే వైపుకు మెల్లగా వంగి ఉంటే అది పెద్ద లోపం కాదు. ఒకచోట మాత్రం ముడిలాగా విరుపు కనిపిస్తే, అంటే అక్కడ ఉక్కు సాగిపోయి ఉంటే, దాన్ని సరిచేయడం చేయి తిరిగినవారికి కూడా కష్టమే. అటువంటి రంపాన్ని మొదటి ప్రయత్నానికి ఎంచుకోకపోవడం మంచిది.

తరువాత తుప్పు. ఎర్రగా, పొడిగా పైపైన పట్టిన తుప్పును చూసి భయపడనక్కర లేదు. గోటితో తడిమినప్పుడు చిన్న చిన్న గుంటలు తగులుతున్నాయా అన్నదే అసలు ప్రశ్న. గుంటలు వీపు దగ్గర ఉంటే అందం తగ్గుతుందే తప్ప పనికి అడ్డురావు. అవే పళ్ళ వరుసకు దగ్గరగా ఉంటే, కొత్తగా తీర్చిన పన్ను మొన సరిగ్గా ఒక గుంట దగ్గరే పడవచ్చు. అటువంటి మొన ఎప్పటికీ పదునెక్కదు, పళ్ళకు వంపు పెట్టేటప్పుడు, అంటే వాటిని ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచేటప్పుడు, విరిగిపోయినా పోవచ్చు.

బ్లేడు వెడల్పును కూడా గమనించండి. ఎన్నోసార్లు ఆకురాయి చూసిన రంపం ముక్కు దగ్గర బాగా సన్నబడి ఉంటుంది. అది పాపం బాగా పనిచేసిన రంపమే, కానీ మీ చేతిలో ఇంకెంతో కాలం మిగలదు. పిడిలో నెర్రెలున్నా, ఒకటి రెండు పళ్ళు ఊడినా ఫరవాలేదు. పళ్ళ సందుల నుంచి బ్లేడులోకి పాకిన పగులు ఉంటే మాత్రం దాన్ని అక్కడే వదిలేయండి.

రంపాన్ని ఎవరు, ఏ కాలంలో చేశారో తెలుసుకోవచ్చునా?

కొంతవరకు తెలుస్తుంది. పిడికి బిగించిన నట్లలో ఒకటి మిగిలినవాటికన్నా పెద్దదిగా, ముద్ర అచ్చొత్తిన ఇత్తడి బిళ్ళలా ఉంటుంది. కంపెనీలు కాలక్రమంలో ఆ ముద్రను మారుస్తూ వచ్చాయి కనుక దాన్ని బట్టి కాలాన్ని ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. హెన్రీ డిస్టన్ 1840లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో స్థాపించిన సంస్థ రంపాలు ఇప్పటికీ ఎక్కువగా దొరుకుతుంటాయి. ఆ కుటుంబం 1955లో సంస్థను అమ్మివేసింది. ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరం నుంచి వచ్చిన రంపాలకు కూడా మంచి పేరుంది. బిళ్ళ మీద ‘వారంటెడ్ సుపీరియర్’ అన్న మాటలు మాత్రమే ఉంటే అది ఏ కంపెనీ పేరూ కాదు. చాలామంది తయారీదారులు తమ పేరు వేయకుండా అమ్మిన రంపాలకు ఆ బిళ్ళనే వాడారు. వాటిలోనూ చక్కని ఉక్కు ఉన్నవి లేకపోలేదు.

పిడిని విప్పక తప్పదా? నట్లు తిరగకపోతే ఏం చేయాలి?

విప్పడమే మంచిది, ఎందుకంటే పిడి కింద దాగిన తుప్పు బ్లేడును లోలోపల తింటూనే ఉంటుంది. కానీ తొందరపడితే ఇక్కడే నష్టం జరుగుతుంది. పాత ఇత్తడి మెత్తగా ఉంటుంది. గాడికి సరిపోని స్క్రూడ్రైవరుతో బలవంతం చేస్తే గాడి అంచులు చిట్లిపోతాయి. గాడి పొడవుకు, మందానికి సరిగ్గా ఇమిడేలా స్క్రూడ్రైవరు మొనను ముందుగా అరగదీసుకోండి. బాగా పాత రంపాల్లో నట్టు మధ్యనుంచి స్క్రూ కొస బయటికి కనిపిస్తుంది. గాడి నట్టుకు రెండు పక్కలా మాత్రమే ఉంటుంది. వాటి కోసం స్క్రూడ్రైవరు మొన మధ్యలో చిన్న గంటు కోసి, రెండు కొమ్ములుండేలా చేసుకోవాలి. అప్పటికీ కదలకపోతే చొచ్చుకుపోయే నూనె చుక్క వేసి ఒక రాత్రి ఆగండి. ఏ నట్టు ఏ రంధ్రంలోదో కాగితం మీద గుర్తుపెట్టుకోవడం మరువకండి, చేత్తో చేసిన పాత నట్లు ఒకదాని చోట మరొకటి పట్టకపోవచ్చు.

తుప్పును ఎలా వదిలించాలి?

అందరికీ అందుబాటులో ఉండే పద్ధతి ఇది. బ్లేడును చదునైన చెక్క మీద పరచండి. మందపాటి తుప్పు పొరను, పాత రంగు చుక్కలను గీకుడు బ్లేడుతో, దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుని గీకేయండి. ఆపైన గట్టి చెక్కదిమ్మెకు వాటర్ పేపర్ చుట్టి, కిరోసిన్ గానీ టర్పెంటైన్ గానీ తడుపుతూ బ్లేడు పొడవునా రుద్దండి. 220 నంబరుతో మొదలుపెట్టి 320, 400 వరకు వెళితే చాలు. అంతకుమించిన నునుపు వల్ల కోతకు ఒరిగేదేమీ లేదు. గుండ్రంగా గానీ అడ్డంగా గానీ రుద్దితే గీతలు శాశ్వతంగా కనబడతాయి. వేళ్ళతో కాగితాన్ని నొక్కి రుద్దడం కూడా సరికాదు. వేళ్ళు గుంటల్లోకి దిగి, వాటి అంచులను గుండ్రం చేస్తాయి. దిమ్మె అయితే పైభాగాన్ని మాత్రమే తాకుతుంది.

ఈ పనిని గాలి ఆడే చోట, మంటకు దూరంగా, చేతులకు తొడుగులు వేసుకుని చేయాలి. పళ్ళ మీద మడిచిన గుడ్డ గానీ చీల్చిన రబ్బరు గొట్టం గానీ తొడగడం మరచిపోతే రంపం ఎంత మొద్దుదైనా చేతిని కోయగలదని త్వరలోనే తెలుస్తుంది.

వెనిగరులో గానీ ఇతర ఆమ్లంలో గానీ నానబెట్టే పద్ధతి సులువే. అయితే ఆమ్లం తుప్పుతోపాటు మంచి ఉక్కును కూడా తింటుంది, బ్లేడు బూడిదరంగుకు తిరుగుతుంది, ఎక్కువసేపు నానితే గట్టి ఉక్కు పెళుసెక్కే ప్రమాదమూ ఉంది. అందుకని రంపం విషయంలో నేను ఆ పద్ధతిని సిఫారసు చేయను. యంత్రపు తీగబ్రష్షు, గ్రైండరు అసలే వద్దు. పలుచని బ్లేడు ఒకచోట వేడెక్కితే ఉక్కును కాచి తెచ్చిన గట్టిదనం పోయి అక్కడ వంకర తిరుగుతుంది.

బ్లేడు మీద చెక్కిన కంపెనీ ముద్ర చెరిగిపోకుండా ఎలా చూసుకోవాలి?

ఆ ముద్ర ఆమ్లంతో చాలా పైపైన చెక్కినది కనుక ఉదాసీనంగా రుద్దితే నిమిషాల్లో మాయమవుతుంది. సాధారణంగా అది బ్లేడు మధ్యభాగంలో, వీపుకు, పళ్ళకు నడుమ ఉంటుంది. ఆ ప్రాంతంలో 400 కన్నా గరుకు కాగితాన్ని వాడకుండా, దిమ్మెను తేలికగా నడుపుతూ, కొద్దికొద్దిగా తుడిచి చూసుకోండి. అక్షరాల నీడ కనబడగానే చేయి ఆపండి. లీలగా ఉన్న ముద్రను స్పష్టంగా చూడాలనుకుంటే, ఉక్కును నల్లబరిచే ద్రావకాన్ని దాని మీద పూసి, కడిగి, ఆరిన తరువాత సన్నని కాగితం చుట్టిన దిమ్మెతో ఒక్కసారి పైపైన తుడవాలి. పైభాగం తెల్లబడుతుంది, లోతులో ఉన్న గీతల్లో నలుపు నిలుస్తుంది.

వంగిన బ్లేడును సరిచేయవచ్చునా?

మెల్లని వంపును సరిచేయవచ్చు. వంపుకు ఎదురుదిక్కుగా, రెండు చేతులతో, కావలసినదానికన్నా కొంచెం ఎక్కువగా వంచి వదిలి, మళ్ళీ కంటితో చూసుకోవాలి. ఒకేసారి గట్టిగా వంచితే కొత్త విరుపు పడుతుంది. సుత్తితో కొట్టి విరుపును తీయడం రంపాల తయారీలో ప్రత్యేకంగా నేర్చుకునే విద్య. అలవాటు లేని దెబ్బ ఉక్కును సాగదీసి, ఉన్న వంకరను పక్కకు జరుపుతుందే తప్ప తీసివేయదు.

పిడికి ఏం చేయాలి?

వీలైనంత తక్కువ చేయాలి. చేతి రాపిడితో నునుపెక్కిన చోట్లను ఉప్పుకాగితంతో కొత్తగా చేయడం వల్ల పిడి పట్టు చెడుతుంది. మురికిని టర్పెంటైన్‌లో ముంచిన మెత్తని ఉక్కునారతో తుడిచి, ఊడిపోతున్న పాత వార్నిష్‌ను మాత్రం గీకి, ఉడికించిన అవిసె నూనెను పలచగా రెండు మూడు పూతలు పూస్తే సరిపోతుంది. పాత రంగు పూసి ఉంటే అందులో సీసం ఉండవచ్చు కనుక దాన్ని పొడిగా రుద్ది దుమ్ము రేపకండి. నెర్రెలున్నచోట జిగురును సన్నగా ఎక్కించి బిగించి ఉంచండి.

ఒక హెచ్చరిక. అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే అవి వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. వాటిని విప్పి, ఆరుబయట ఒక్కొక్కటిగా ఆరవేయాలి, లేదా నీళ్ళలో నానబెట్టాలి.

నిలువు కోత రంపానికి, అడ్డకోత రంపానికి తేడా ఏమిటి?

చెక్క నార వెంబడి కోసేది నిలువు కోత, నారను అడ్డంగా తెంచేది అడ్డకోత. నిలువు కోత రంపం పన్ను చిన్న ఉలిలా పనిచేస్తుంది. దాని ముందు ముఖం దాదాపు నిటారుగా ఉంటుంది, ఆకురాయిని బ్లేడుకు సరిగ్గా అడ్డంగా, 90 డిగ్రీల్లో నడుపుతారు. అడ్డకోత రంపం పన్ను చాకు మొనలా నారను గీసి తెంచాలి. అందుకోసం ముందు ముఖాన్ని నిటారు నుంచి సుమారు 12 నుంచి 15 డిగ్రీలు వెనక్కి వాల్చి, ఆకురాయిని పక్కకు 15 నుంచి 25 డిగ్రీలు తిప్పి పట్టి, ప్రతి పన్నుకూ ఏటవాలు అంచు తీస్తారు.

ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ముక్కోణపు ఆకురాయి మూలలన్నీ 60 డిగ్రీలే కనుక, ముందు ముఖం వాలును మీరు నిర్ణయిస్తే పక్క పన్ను వెనుక ముఖం దానంతటదే కుదురుతుంది. ఒక్క కోణాన్ని చూసుకుంటే రెండోది ఆకురాయి చూసుకుంటుంది.

ఏ సైజు ఆకురాయి కొనాలి?

ముందుగా అంగుళానికి ఎన్ని మొనలున్నాయో లెక్కపెట్టండి. అంగుళం రెండు చివర్లలోని మొనలను కూడా కలిపి లెక్కించడం వాడుక కాబట్టి ఎనిమిది మొనలంటే ఏడు పూర్తి పళ్ళు. చాలా రంపాల మీద పిడి దగ్గర ఈ అంకె ముద్రించి ఉంటుంది, అయితే మునుపటి యజమాని పళ్ళను మార్చి ఉండవచ్చు కనుక స్వయంగా లెక్కపెట్టడమే నయం. ఐదారు మొనల రంపానికి 7 అంగుళాల స్లిమ్ టేపర్ (కొసకు సన్నబడే పలుచని ముక్కోణపు ఆకురాయి), ఏడెనిమిదికి 6 అంగుళాల స్లిమ్ టేపర్, పదికి 6 అంగుళాల ఎక్స్‌ట్రా స్లిమ్, పన్నెండుకు 5 అంగుళాల ఎక్స్‌ట్రా స్లిమ్ సరిపోతాయి. అసలు సూత్రమేమిటంటే పన్ను లోతు ఆకురాయి పలక వెడల్పులో సగానికి మించకూడదు. అప్పుడే ఒక మూల అరిగిన తరువాత ఆకురాయిని తిప్పి తాజా మూలను వాడుకోగలం. ఆకురాయి విషయంలో పొదుపు పనికిరాదు. మొద్దుబారినది పన్నును కోయదు, రుద్ది మెరుగుపెడుతుంది.

పదును పెట్టే క్రమం ఏమిటి?

రంపాన్ని రెండు పొడవాటి గట్టి చెక్కల మధ్య పెట్టి, ఆ జతను వైస్‌లో బిగించండి. పళ్ళ సందుల అడుగుభాగం చెక్కల అంచుకు పైన 3 మిల్లీమీటర్లకు మించి ఉండకూడదు. బ్లేడు అంతకన్నా పైకి లేస్తే అదురుతుంది, చెవులు గింగురుమనేలా కీచుమంటుంది, ఆకురాయి పళ్ళు రాలిపోతాయి. కీచుమన్న శబ్దం వినబడితే పని ఆపి బిగింపును సరిచూసుకోండి.

మొదటి పని పళ్ళ మొనలన్నిటినీ ఒకే ఎత్తుకు తేవడం. చదునైన పొడవు ఆకురాయిని చిన్న చెక్కముక్క ఆసరాతో బ్లేడుకు లంబంగా పట్టి, పిడి నుంచి ముక్కు వరకు పళ్ళ తలల మీదుగా తేలికగా నడపండి. ప్రతి పన్ను తల మీదా ఒక చిన్న మెరిసే చదును కనిపించాలి. ఇకపై మీకు దారి చూపేది ఆ మెరుపే. దీపాన్ని వాలుగా, పళ్ళ అవతల నుంచి వెలుతురు పడేలా పెట్టుకుంటే ఆ చదునులు తెల్లని చుక్కల్లా వరుసగా కనబడతాయి. పెద్ద చుక్క ఉన్న పన్ను ఎక్కువ ఎత్తుగా ఉండినది, దాన్ని ఎక్కువ అరగదీయాలి. చుక్క మాయమైన క్షణంలోనే ఆ పన్ను పూర్తయింది. దాని తరువాత ఒక్క తోపు తోసినా పన్ను పొట్టిదైపోతుంది.

ఇప్పుడు పిడి మీ కుడిచేతి వైపు ఉండేలా రంపాన్ని బిగించండి. ముక్కు దగ్గర మొదలుపెట్టి, మీ వైపుకు వంగిన మొదటి పన్నును గుర్తించి, దానికి ఎడమ పక్కనున్న సందులో ఆకురాయిని కూర్చోబెట్టండి. అడ్డకోత రంపమైతే ఆకురాయి పిడిని ఎడమకు జరిపి, దాని మొన రంపపు పిడి వైపు చూసేలా కావలసిన కోణానికి తిప్పండి. ఆకురాయిని నేలకు సమాంతరంగా ఉంచి ముందుకు తోయండి, వెనక్కి తెచ్చేటప్పుడు పైకి లేపండి. వెనక్కి ఈడ్చడం ఆకురాయికి చేటు. ఒక్కో సందులో ఒకే లెక్కన రెండో మూడో తోపులు తోస్తూ, చదును సగానికి తగ్గగానే ఆగి, తరువాతి సందును వదిలి దాని తరువాతి దానికి వెళ్ళండి. ఇలా పిడి దాకా వచ్చాక రంపాన్ని తిప్పి బిగించి, వదిలేసిన సందుల్లో కోణాన్ని కుడివైపుకు మార్చి, మిగిలిన సగం చదును మాయమయ్యేవరకు అదే పని చేయండి. మొదలుపెట్టేముందు పళ్ళకు మార్కరుతో రంగు పూస్తే ఏ సందు పూర్తయిందో, ఏది మిగిలిందో తికమక ఉండదు.

కోణాన్ని చేత్తో నిలుపుకోలేమన్న భయం మొదట్లో సహజం. ఒక చెక్కముక్కకు రంధ్రం వేసి, ఆకురాయి కొసకు కావలసిన కోణంలో తొడిగి, ఆ ముక్క అంచు ఎప్పుడూ బ్లేడుకు సమాంతరంగా ఉండేలా చూసుకుంటే కోణం తప్పదు. రెండు మూడు డిగ్రీల తేడా వచ్చినా రంపం కోస్తుంది. అన్ని పళ్ళకూ ఒకే తేడా ఉండడమే ముఖ్యం.

పళ్ళకు వంపు ఎంత పెట్టాలి? ఎప్పుడు పెట్టాలి?

ఒక పన్నును కుడికి, తరువాతిదాన్ని ఎడమకు వంచడం వల్ల కోత బ్లేడు మందం కన్నా వెడల్పు అవుతుంది, బ్లేడు బిగుసుకోకుండా ఉంటుంది. పొడి గట్టిచెక్కకు ఒక్కో వైపు 0.1 మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటే చాలు. పచ్చి చెక్కకు, మెత్తని చెక్కకు ఇంకొంత కావాలి. పదును పెట్టిన ప్రతిసారీ వంపు పెట్టనవసరం లేదు, చాలా రంపాల్లో అవసరానికి మించిన వంపే ఉంటుంది. పెట్టవలసి వస్తే చివరి పదునుకు ముందే పెట్టాలి.

పిస్తోలులా నొక్కే సాధనాలు దీని కోసం దొరుకుతాయి. వాటి తిరుగుడు బిళ్ళ మీది అంకెలు పళ్ళ సంఖ్యను సూచిస్తాయన్నది నిజమే కానీ, వాటిని నమ్మితే వంపు ఎక్కువవుతుంది. ఎనిమిది మొనల రంపానికి పది లేదా పన్నెండు దగ్గర పెట్టి ప్రయత్నించండి. వంచవలసింది పన్ను పై సగాన్నే. మొదలు నుంచి వంచితే పన్ను విరుగుతుంది. ఒకసారి ఒకవైపు వంగిన పన్నును ఎన్నడూ రెండోవైపుకు తిప్పకండి.

పళ్ళు మరీ అడ్డదిడ్డంగా ఉంటే, లేదా కొన్ని విరిగిపోయి ఉంటే?

ఒకటీ రెండూ విరిగితే వాటిని అలాగే వదిలేయండి. కొన్ని పదునులు అయ్యాక అవి తిరిగి వరుసలోకి వస్తాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నదిగా వరుస మొత్తం పాడైతే, ముందు తలలను సమం చేసి, ఆకురాయిని అడ్డంగా 90 డిగ్రీల్లోనే నడుపుతూ ఆకారాన్ని తీర్చాలి. పెద్ద పన్ను వైపుకు ఆకురాయిని ఒత్తితే ఆ పన్ను సన్నబడి సందు దానివైపుకు జరుగుతుంది. ఆకారం కుదిరాక వంపు, ఆ తరువాతే ఏటవాలు పదును. ఒకే విడతలో సాధించాలనుకోవడం కన్నా రెండు మూడు విడతల్లో తలలను సమం చేస్తూ రావడం వల్ల ఉక్కు తక్కువ వృథా అవుతుంది.

పదును సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? కోత ఒక పక్కకు లాగితే?

అడ్డకోత రంపానికి వడ్రంగుల పాత పరీక్ష ఒకటుంది. రెండు వరుసల మొనల నడుమ ఏర్పడిన సన్నని గాడిలో ఒక కుట్టుసూదిని పెట్టి రంపాన్ని కొంచెం వాలిస్తే, సూది మధ్యలో ఎక్కడా పడిపోకుండా చివరిదాకా జారాలి. సూది ఆగినచోట ఏదో పన్ను వంపు తప్పిందన్నమాట.

కోత గీతను వదిలి పక్కకు పోతే, ఏ పక్కకు పోతోందో ఆ వైపు పళ్ళకు వంపో పదునో ఎక్కువైందని అర్థం. బ్లేడును పడుకోబెట్టి, నూనెరాయిని ఆ వైపు పళ్ళ పక్కల మీదుగా ఒక్కసారి, బరువు పెట్టకుండా నడిపి మళ్ళీ కోసి చూడండి. చాలాసార్లు ఆ ఒక్క తోపుతోనే కోత గీత మీదికి వస్తుంది. కోత తిన్నగానే పోతూ రంపం మాత్రం బిగుసుకుంటుంటే వంపు చాలలేదు. కోత అంచులు చిరిగినట్టు గరుకుగా ఉంటే వంపు ఎక్కువైంది.

మళ్ళీ ఎప్పుడు పదును పెట్టాలి? ఎలా భద్రపరచాలి?

రంపాన్ని కిందికి నొక్కవలసి వస్తోందంటే ఆలస్యమైనట్టే. పదునున్న రంపం తన బరువుతోనే దిగుతుంది. మొనల మీద వెలుతురులో తెల్లని చుక్కలు కనబడడం మొదలైనప్పుడే, ఒక్కో సందులో ఒకటి రెండు తోపులతో పని ముగించుకోవచ్చు. పూర్తిగా మొద్దుబారేదాకా ఆగితే తలలను సమం చేయడం దగ్గరనుంచి అంతా మళ్ళీ చేయాలి.

పని అయ్యాక చెమట, చెక్క జిగురు తుడిచి, బ్లేడుకు తేలికపాటి యంత్రనూనెను గానీ మైనాన్ని గానీ పలచగా పూయండి. మైనం పూస్తే కోత కూడా సులువవుతుంది. పళ్ళకు చీల్చిన గొట్టం గానీ గాడి కోసిన సన్నని చెక్క గానీ తొడిగి, తేమ లేనిచోట వేలాడదీయండి. పనిముట్ల పెట్టెలో ఇతర ఇనుప సామాను మీద పడేస్తే, పెట్టిన పదును ఒక్క కుదుపుతో పోతుంది.